లేబుల్ మార్చిన క్యాసెట్టు

క్యాసెట్టులో నీటి చప్పుడు కింద మనిషి గొంతు ఉందన్నారు. అది చెవికి అందదట, మనసు మాత్రం పట్టుకుంటుందట. జగ్గయ్యపేట కల్యాణమండపంలో వ్యక్తిత్వ వికాస నిపుణుడొకడు ఉపన్యాసమిచ్చి, క్యాసెట్లను జతలుగా అమ్మి వెళ్ళాడు. ఒకదాని మీద ‘జ్ఞాపకశక్తి’, రెండోదాని మీద ‘ధైర్యం’. రేహానా ఆ జతను నా ఇంటికి తెచ్చింది. అది 1998. టీచరు ఉద్యోగాల పరీక్షకు నాలుగు వారాలుంది.

నేను ముప్పయ్యేళ్ళు మనస్తత్వశాస్త్రం బోధించి రిటైరై, నందిగామలో ఒంటరిగా ఉండేదాన్ని. రేహానా నా చివరి తరగతి విద్యార్థిని. వాళ్ళింట్లో ఏడుగురు మనుషులు, ఆగని టీవీ. అందుకని రోజూ ఐదింటికి వచ్చి నా టేప్‌రికార్డర్ ముందు కూర్చునేది. నా గడప దాటి లోపలికి వచ్చే మనిషి ఆమె ఒక్కతే.

“నాకు నీళ్ళు తప్ప ఏమీ వినిపించడం లేదు,” అన్నాను.

“వినపడకపోవటమే దాని పవర్ అంట మేడం. లోపలి మనసుకి వినపడుద్దంట.”

“లోపలి మనసుకు చెవులెప్పుడు మొలిచాయి?”

“మీ క్లాసులో కూడా అంతేగా అండీ. మాకేం వినపడేది కాదు, అయినా పాసయ్యాం.”

నవ్వింది. నేను నవ్వలేదు. పుస్తకం మూసి నీళ్ళ చప్పుడు వినే అమ్మాయి ఉద్యోగం పోగొట్టుకుంటుంది. మాటతో చెబితే నమ్మదు, రుజువు కావాలి. ఆ రాత్రే లేబుళ్ళను ఆవిరికి పట్టి ఊడదీసి, తారుమారు చేసి అంటించాను. మర్నాడు ఆమె వినడానికి ముందు ఇరవై పదాలు చదివి వినిపించి, గుర్తున్నవి రాయమన్నాను. పదకొండు రాసింది. ప్రతి ఆదివారం కొత్త పదాలతో అదే పరీక్ష.

మూడో ఆదివారం, “జ్ఞాపకశక్తి డబుల్ అయింది మేడం, నాకే తెలుస్తుంది,” అంది.

నోటుపుస్తకం ఆమె ముందుంచాను. పదకొండు, పదకొండు, పన్నెండు, పదకొండు.

“ఇన్నాళ్ళూ నువ్వు విన్నది ధైర్యం క్యాసెట్టు. లేబుళ్ళు నేనే మార్చాను. పనిచేసింది గొంతు కాదు, పైనున్న కాగితం.”

ఆమె అంకెల పక్కనున్న తేదీల మీద వేలు పెట్టింది.

“మొదటి ఆదివారమే తేలిపోయిందిగా. అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?”

ఒక్క కొలతతో ఏదీ నిర్ధారణ కాదన్నాను. శాస్త్రరీత్యా అది సరైన జవాబే.

“అతను అబద్ధం చెప్పి అమ్మాడు. అతనికి నేనెవరో తెలీదు మేడం. మీకు తెలుసు.”

క్యాసెట్లు వదిలేసి వెళ్ళింది. మర్నాడు రాలేదు, ఆ తరువాతా రాలేదు. లైబ్రరీలో కూర్చుని చదువుతోందని వీధిలో ఎవరో చెప్పారు. నేను కోరింది అదే.

ఆ ఉపన్యాసకుడి మోసాన్ని బయటపెడుతూ పత్రికకు ఉత్తరం మొదలుపెట్టాను. ఒక్క మనిషి ఫలితంతో రాసే ఉత్తరానికి విలువ లేదు. రెండో మనిషిగా నన్నే పెట్టుకోవాలనుకున్నాను. పదాల చీటీలు సిద్ధం చేసుకుని, ఐదింటికి టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాను. క్యాసెట్టు చేతిలోకి తీసుకున్నాక లోపం తెలిసింది. వింటున్నది ఏదో వినేవారికి తెలియకూడదు. నా కంటపడకుండా లేబుళ్ళు కలగలిపి అంటించడానికి ఇంట్లో ఇంకొకరుండాలి.

అయినా క్యాసెట్టు పెట్టాను. నలభై నిమిషాలూ విన్నాను. నీళ్ళే.