మేం చూసుకుంటాంలెండి

ఆదివారం కాలనీ సమావేశం ముగిశాక హాల్లో రెండు మిగులుతాయి. ఒకటి తీర్మానాలు, రెండోది ఎంగిలి గ్లాసులు. తీర్మానాలు ఆయన ఫైల్లో పెట్టుకుని, అధ్యక్షులవారితో కబుర్లాడుకుంటూ వరండాలోకి నడుస్తాడు. గ్లాసులు ఆయన భార్య ట్రేలో పేర్చుకుని హాలు వెనక కుళాయి దగ్గరికి నడుస్తుంది. ఆ ఆదివారం అరవై మూడు గ్లాసులున్నాయి. గ్లాసులు కడగడం ఆమెకు కొత్తా కాదు, కష్టమూ కాదు. అయినా ఆ రోజు కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది. అరగంట క్రితం ఆయన మైకు ముందు నిలబడి, "మేం చూసుకుంటాంలెండి" అన్నాడు. ఆ మాట చెవిలో దూరి కూర్చుంది, బయటికి పోవడం లేదు.

ఆ మాట వినడం మొదటిసారేమీ కాదు. ఆయన కాలనీ సంఘానికి కార్యదర్శి అయి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో ఏ పని చర్చకొచ్చినా, జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునే ఆ అర నిమిషంలో ఆయన లేచి నిలబడతాడు. పార్కులో మొక్కలకు నీళ్ళెవరు పోస్తారంటే మేం పోస్తాం. ఆపరేషనై ఇంటికొచ్చిన టైలరుగారికి పది రోజులు భోజనమెవరు పంపుతారంటే మేం పంపుతాం. చదువులో వెనకబడ్డ పిల్లల్ని సాయంత్రాలెవరు కూర్చోబెడతారంటే అదీ మేమే. అందరూ చప్పట్లు కొడతారు, ఆయన కూర్చుంటాడు. ఆ కూర్చోవడంతో ఆ పనిలో ఆయన వంతు పూర్తవుతుంది.

అలాగని ఆయన చెడ్డవాడనుకుంటే పొరపాటే. ఎవరింట్లో ఎవరికి బాగోలేదన్నా చెప్పులేసుకుని బయల్దేరే మనిషి. గట్టిగా ఒక మాట అనడు. ఎవరి కష్టం విన్నా ఆయన కళ్ళు చెమ్మగిల్లుతాయి, అది నటన కాదని పదమూడేళ్ళుగా చూస్తున్న ఆమెకు తెలుసు. కాకపోతే ఆయన మనసు కరిగినప్పుడల్లా ఆమె నడుం విరుగుతుంది. నిరుడు ఉత్తమ కార్యకర్త అని సంఘంవాళ్ళు ఆయనకు ఒక గాజు జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద ఆయన పేరు బంగారు రంగు అక్షరాల్లో ఉంది. శనివారం శనివారం దాని మీద దుమ్ము తుడిచేది ఆమె. కాలనీలో ఆమెకున్న పేరు సెక్రటరీగారి మిసెస్.

మాటల్ని ఇలా పట్టి పట్టి చూడటం ఆమెకు వృత్తి నేర్పిన జబ్బు. బాబు పుట్టకముందు ఒక పుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఒత్తు పోయినా, దీర్ఘం జారినా, కామా ఒక అక్షరం పక్కకి జరిగినా ఆమె కంటపడకుండా పోయేది కాదు. ప్రెస్సులో అంతా భూతద్దం అని పిలిచేవాళ్ళు. ఆ భూతద్దం పెట్టి చూస్తే, మనం అనే మాటలో ఎదుటివాళ్ళు కూడా కలుస్తారు. ఆయన పొరపాటున కూడా మనం అనడు, అంటే పని పంచాల్సి వస్తుంది. నేను అనీ అనడు, అంటే చెయ్యాల్సి వస్తుంది. ఈ రెండింటి మధ్యా హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్న మాట మేం. అదైనా సమావేశం వరకే. ఇంటి గడప దాటి లోపలికి రాగానే మేం కాస్తా నువ్వు అయిపోతుంది. "నువ్వు రేపు పొద్దున ఓసారి పార్కు వైపు వెళ్ళిరా, మొక్కలు వాడిపోతున్నాయట."

ఆ ఆదివారం ఆయన అన్న మేం మాత్రం ఎప్పటిలాంటిది కాదు. అంతకు ముందు గురువారం నాడు ఆ పాత ప్రెస్సు మేనేజరు ఫోను చేశాడు. బడిపుస్తకాల పని పెద్దది వచ్చిందట, శనాదివారాలు కాక మిగతా రోజుల్లో ఉదయం పది నుంచి రెండు వరకూ వచ్చి కూర్చోగలవా అని అడిగాడు. "నీ అంత కన్ను మాకు మళ్ళీ దొరకలేదమ్మా" అన్నాడు. సోమవారంలోగా చెప్పమన్నాడు. ఫోను పెట్టేశాక ఆమె వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చిందో మర్చిపోయి, మళ్ళీ హాల్లోకొచ్చి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. పదకొండేళ్ళ తర్వాత ఎవరో ఆమెను ఆమె పని కోసం అడిగారు. శనివారం ఆయనకు చెప్పింది. ఆయన ఫోనులో కాలనీ మెసేజీలు చదువుకుంటూ, "మంచిదే, చూద్దాం" అన్నాడు.

ఆదివారం ఆయన మైకు ముందుకెళ్ళి, పిల్లలు ఉద్యోగాలకు పోయాక పగలంతా ఒంటరిగా ఉండిపోయే పెద్దవాళ్ళ కోసం హాలు పక్క గది తెరుద్దామని ప్రతిపాదించాడు. మంచి ఆలోచన, ఆమె కూడా కాదనదు. టీ కాచి ఇవ్వాలి, మందులు గుర్తుచెయ్యాలి, పేపరు చదివి వినిపించాలి. ఎవరు చేస్తారని అధ్యక్షులవారు అడిగారు. ఎప్పటిలాగే అర నిమిషం నిశ్శబ్దం, ఆ తర్వాత మేం. వేళలు కూడా ఆయనే చెప్పాడు, ఉదయం పది నుంచి రెండు వరకూ అని.

ఇంటికి వెళ్ళే దారిలో అడిగింది. "ఏవండీ, ఆ టైముకే కదా నేను ప్రెస్సుకి వెళ్ళాలని నిన్న చెప్పాను?"

"అది ఇంకా ఖాయం కాలేదుగా" అన్నాడు ఆయన నడుస్తూనే.

"నేను ఔనంటే ఖాయమే."

"ముసలివాళ్ళ విషయం. నలుగురిలో మాటిచ్చాక వెనక్కి తీసుకుంటే బాగుంటుందా? అయినా నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదా."

అక్కడే ఆమెకు ఒళ్ళు మండింది. మర్చిపోయి ఉంటే క్షమించేదేమో. మర్చిపోలేదు. ఆయన లెక్కలో ఆమె సమయం కాలనీ కుళాయి లాంటిది, ఎవరు తిప్పినా నీళ్ళొస్తాయి.

ఆ సాయంత్రమంతా ఆమె ఒక చోట కూర్చోలేకపోయింది. ఒకసారి ఆయన తప్పనిపించింది, ఒకసారి తనదే అనిపించింది. నాలుగేళ్ళలో ఒక్కసారైనా సభలో లేచి నాకు కుదరదని అందా? టైలరుగారింట్లో క్యారేజీ ఇస్తున్నప్పుడు వాళ్ళావిడ తన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ముందు కాదని ఎలా అంటుంది? ఇప్పుడు ఈ పెద్దవాళ్ళు. మూడో వీధిలో చూపు సరిగా ఆనని రిటైరైన డ్రైవరు, ఎవరో ఒకరు పేపరు చదివి పెడతారని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వద్దంటే ఆ డ్రైవరు మొహం గుర్తొస్తుంది, సరేనంటే ప్రెస్సులో తను పట్టిన ఎర్రసిరా పెన్ను గుర్తొస్తుంది. వీళ్ళందరి అవసరాలూ నిజమైనవే, తన ఒక్కదాని అవసరమే ఎందుకు చూద్దాంలేలో పడుతుందో ఆమెకు అర్థం కాలేదు. పక్కింటావిడతో అత్తగారు గొప్పగా అంటూ ఉంటుంది, "మా కోడలికి ఊపిరి పీల్చుకోను తీరికుండదు, అందరికీ చేస్తుంది" అని. ఊపిరి పీల్చుకోలేకపోవడం కూడా మెచ్చుకోవాల్సిన విషయమేనా అని ఆమెకు ఎప్పుడూ అనుమానం.

సోమవారం పొద్దున ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ ఒక కాగితం చేతిలో పెట్టాడు. కొత్త గది గురించి ఇంటింటికీ పంచబోయే కరపత్రం ప్రూఫు. "ఓసారి చూసిపెట్టు. అచ్చుతప్పులుంటే పరువు పోతుంది" అన్నాడు. దిద్దడం ఆమె పని అని ఆయనకు గుర్తుంది, అది కాలనీ పని అయినప్పుడు మాత్రమే.

గిన్నెలు అలాగే వదిలేసి కూర్చుని పెన్ను తీసింది. శీర్షికలోనే వృద్ధుల అనేదాంట్లో ఒత్తు తప్పు. శుభ్రం శుబ్రం అయి కూర్చుంది. అవి దిద్ది కింది వాక్యాలకు వచ్చింది. "ఉదయం పదింటికి గది తలుపులు మేము తెరుస్తాము. గది మేము శుభ్రం చేస్తాము. టీ మేము కాచి ఇస్తాము. వేళకు మందులు మేము గుర్తుచేస్తాము. దినపత్రిక మేము చదివి వినిపిస్తాము. రెండింటికి ఎవరింటికి వారిని మేము దిగబెడతాము. ఇట్లు, మీ కార్యదర్శి." కింద ఆయన పేరు ఒక్కటే ఉంది.

ఆమె పెన్ను ఆగిపోయింది. వాక్యానికి కర్త ఒకరు, క్రియ చేసేది ఇంకొకరు, కింద సంతకం మొదటివారిది. ప్రెస్సులో ఇలాంటి వాక్యం వస్తే పక్కన ప్రశ్న గుర్తు పెట్టి రచయితకు తిప్పి పంపేది. అక్కడి పెద్దాయన ఒకాయన దగ్గర నేర్చుకుంది, సంతకం ఒకరిదైతే మేము ఎలా వస్తుంది అని అడగాలని. కింద సంతకం ఒక్కరిది. కాబట్టి మేము తప్పు.

మ కొట్టేసి పక్కన న రాసింది. మేము నేను అయింది, తెరుస్తాము తెరుస్తాను అయింది. వాక్యానికి మూడు చొప్పున ఆరు వాక్యాల్లో పద్దెనిమిది మ లు పోయి పద్దెనిమిది న లు వచ్చాయి. అంత చిన్న తేడా. నాలుగో వాక్యానికి వచ్చేసరికి పాత వేగం వచ్చేసింది. ఆ వెంటనే, కాగితం ముందుండగానే, ప్రెస్సుకి ఫోను చేసి వచ్చే సోమవారం నుంచి వస్తానని చెప్పింది.

దాచలేదు. సాయంత్రం కాగితాన్ని ఆయన కంచం పక్కనే పెట్టింది. "కొన్ని తప్పులున్నాయండీ, దిద్దాను. ఓసారి చూసుకోండి."

ఆయన దాన్ని పక్కకి జరిపి కూర గిన్నె అందుకున్నాడు. "నువ్వు చూశావుగా, ఇంక నేను చూడటమెందుకు?"

"ప్రెస్సుకి కూడా సరేనని చెప్పేశాను."

"ఊఁ, చూద్దాంలే. ముందు ఈ గది సంగతి కుదరనీ."

కరపత్రాలు గురువారం అచ్చయి వచ్చాయి. ఇంట్లో దాన్ని మొదట చదివింది అత్తగారు. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతూ, టీ దగ్గర ఆగిపోయింది. కోడలి వైపు చూసింది, మళ్ళీ కాగితం వైపు చూసింది.

"అమ్మాయ్, వీడు టీ కాస్తాడా?"

"రాసుంది కదా అత్తయ్యా."

అత్తగారి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఆవిడ అంతలా నవ్వగా ఆమె ఎన్నడూ చూడలేదు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, "అయితే నేను ఇంట్లో తాగే వెళ్తాను" అంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ, ఇంకెవరితోనో అంటున్నట్టు, "వాళ్ళ నాన్నా ఇంతే. ఇంటికి ఎంతమందొచ్చినా మేం వండిపెడతాం అనేవారు" అంది. ఆ మాటన్నప్పుడు నవ్వు లేదు.

ఆయనకు సాయంత్రం నుంచి ఫోన్లు. సెలవు పెట్టి మరీ చేస్తున్నారా అని ఒకరు, మీలాంటివాళ్ళు ఉండబట్టే అని ఇంకొకరు. మూడో వీధి డ్రైవరైతే తనకు క్రీడల పేజీ ముందు చదవాలని షరతు కూడా పెట్టాడు. ఆయన అయోమయంగా కరపత్రం వెతికి తీసి ఇప్పుడు చదివాడు.

"ఇదేమిటి, అంతా నేను నేను అని పడింది? నువ్వు చూడలేదా?"

"చూశాను."

"మరి?"

"తప్పులన్నీ దిద్దాను."

ఆయన కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు అర్థమయింది అనిపించింది ఆమెకు, అర్థం కానట్టుండటమే సుఖమని కూడా ఆయనకు అనిపించి ఉంటుంది. "సరేలే, ఆదివారం నేను సర్దిచెప్తాను" అన్నాడు. అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. శుక్రవారం, శనివారం అదే ఆలోచన ఏ పనీ సాగనివ్వలేదు. ఆయన సర్దిచెప్పేస్తే, జనం నవ్వేసి సరే అనేస్తే, సోమవారం పదింటికి గది తాళం మళ్ళీ ఆమె చేతికే వస్తుంది. తాళాన్ని కాదని ఒకసారి, ఎదురుచూసే పెద్దవాళ్ళని కాదని ఇంకోసారి, రెండుసార్లు కాదనగల బలం తనకుందో లేదో ఆమెకే తెలియదు.

ఆదివారం హాలు నిండిపోయింది. పెద్దవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. ఆమె ఎప్పటిలాగే వెనక టీ బల్ల దగ్గర నిలబడింది. ఆయన మైకు అందుకుని నవ్వాడు.

"ఒక చిన్న మనవి. కరపత్రంలో అచ్చుతప్పు పడింది. అది మేము అని ఉండాలి."

జనం కూడా నవ్వారు. డ్రైవరు కొంచెం నిరాశపడ్డాడు.

"అచ్చుతప్పు కాదండీ" అంది ఆమె.

గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగానే వచ్చింది. తలలు వెనక్కి తిరిగాయి.

"అచ్చుతప్పులుంటే నేను వదలను. అది నేను దిద్దిన ప్రూఫు. మేము అనేదే తప్పు, అందుకే మార్చాను. రేపటి నుంచి నాకు ఉద్యోగం, పది నుంచి రెండు వరకూ."

ఆయన మైకుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. టైలరుగారి భార్య ఒడిలో కాగితం పెట్టుకుని దాన్నే చదువుతోంది, మొదటిసారి చూస్తున్నట్టు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. అధ్యక్షులవారూ మంచివారే, కాని అలవాటు మంచితనం కంటే ముందు నడుస్తుంది. వారి చూపు కార్యదర్శిని దాటి నేరుగా టీ బల్ల దగ్గరికే వచ్చింది.

"అయితే రేపు పదింటికి తలుపెవరు తీస్తారమ్మా?"

"కాగితంలో ఉందండి, చదవండి" అంది ఆమె. "శనివారాలు మాత్రం నేను తీస్తాను. అది కాగితంలో లేదు, రాసుకోండి."