ఊడని కమ్మలు

నాట్యం టీచరు నోరు కత్తెర. రాలిపడిన కమ్మను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, అందరి ముందూ అనేసింది.

"చేతిపనంటే చూసి మురవడానికేనమ్మా. పెట్టుకుని ఎగరడానికి కాదు."

రిహార్సల్లో మొదటి గంతుకే ఒక పిల్ల చెవి నుంచి ఊడి, గచ్చు మీద దొర్లుకుంటూ పోయి ఆవిడ కాళ్ల దగ్గరే ఆగింది మరి. శనివారం ప్రదర్శన. ముప్పై జతల్లో ఒక్కటి జారినా ఆ గుమ్మం ఇక తొక్కక్కర్లేదు.

కమ్మలు చేసిన పిల్ల మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది. కమ్మల చెక్క బుట్టల్ని ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది వేళ్లు అరగదీసుకుంది. వాటి చుట్టూ కళ్లు లాగేదాకా పట్టుదారం చుట్టింది. అదంతా ఎవరికీ కనపడలేదు. ఊడిపడింది మాత్రం అందరికీ కనపడింది.

మేనమామ కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. కుర్రతనంలో పందెం కాసి రెండు చెవులూ కుట్టించుకున్న ఘనుడు.

"పెట్టుకుని చూశావా అసలు?" అన్నాడు.

"చూశాను. అద్దం ముందు తల ఊపి."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

"నా బస్సులో రెండు నిమిషాలకి పళ్లే ఊడతాయే. ఇలా తే, నాకు పెట్టు."

మర్నాడు ఖాకీ చొక్కా, మీసం, చెవులకి ఎర్ర బుట్టలతో మావయ్య డ్యూటీకి బయల్దేరాడు. సాయంత్రం ఒక చెవి బోసిగా వచ్చాడు.

"ఊడిందే."

ఆమె నమ్మలేదు. టీలో ఉప్పు కలిపిన మనిషి, పూసల డబ్బాలో రబ్బరు బల్లి పెట్టిన మనిషి. జేబులు వెతికింది, టోపీ దులిపింది, క్యారేజీ విప్పింది.

"ఇచ్చెయ్ మావయ్యా, నవ్వొచ్చే టైమా ఇది?"

అతను ఆమె వేలు పట్టుకుని తన చెవి వెనక పెట్టించాడు. చెమట. జారుడుబండలా ఉంది.

"పదకొండింటి దాకా బుద్ధిగానే ఉందే. ఎండెక్కాక వెనకున్న రబ్బరు బుడిపె జారింది. గేరు మారుస్తుంటే ఒళ్లో పడింది." అని తాపీగా మేజోడులోంచి కమ్మ తీసి ఇచ్చాడు.

వీపు మీద ఒకటిచ్చి, నవ్వింది. తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. తను చూసింది పొడి చెవి మీద. పిల్లలు ఎగిరేది తడి చెవులతో.

రెండో రోజు రబ్బరు తీసేసి చిన్న రేకు బిళ్ల పెట్టింది. చెమటకి తట్టుకుంది కానీ ముందున్న బుట్ట బరువుకి కమ్మ తల వేలాడేసింది. మూడో రోజు మర. కాడకి బిగించి తిప్పేది. బస్సు అదురుకి సాయంత్రానికి దానంతటదే సగం తిరిగి వదులైపోయింది.

"రేపు గుంతల రూటు," అన్నాడు మావయ్య. "నా చెవులు నీకు రాసిచ్చా, ఏదో ఒకటి తేల్చు."

ఆమె బల్ల మీద మూడింటినీ వరుసగా పెట్టుకుని చూస్తూ కూర్చుంది. బిళ్ల చెమటకి జారదు, వెడల్పు చేస్తే బరువూ మోస్తుంది. మర బిగుతుగా పడుతుంది. రబ్బరు కదలనివ్వదు, చర్మానికి తగలకపోతే. అయితే మూడూ ఉండాల్సిందే. ముందు చెవికి ఆనేలా వెడల్పు బిళ్ల, దాని మీద మర, అన్నిటికన్నా చివర మర తిరక్కుండా రబ్బరు బుడిపె.

నాలుగో రోజు గుంతల రూటులో ఎనిమిది ట్రిప్పులు. పదమూడు తుమ్ములు, అందులో నాలుగు కావాలని తుమ్మినవి. సాయంత్రం చూస్తే కమ్మలు ఇంచు కదల్లేదు.

శనివారం పిల్లలకి ఒక్కొక్కరికీ బిగిస్తుంటే టీచరు మళ్లీ సణిగింది. "ఒక్కో చెవికి ఇంతసేపా?"

"పెట్టడం లేటేనండి," అంది ఆమె. "ఊడటం ఇంకా లేటు."

తెర లేచింది. ముప్పైమంది పిల్లలు గిర్రున తిరిగారు, తలలు విదిలించారు, ఆఖరి గంతుకి వేదిక దడదడలాడింది. ఆమె నేల మీదే చూస్తోంది. మొదటి వరుసలో కూర్చుని మావయ్య పిల్లల చెవులకున్న కమ్మలు లెక్కపెడుతున్నాడు. అరవై. మళ్లీ లెక్కపెట్టాడు. అరవయ్యే.

హాలంతా చప్పట్లు. టీచరు ముందుకొచ్చి గర్వంగా వంగి నమస్కరించింది. టింగుమంది. వేదిక మీద ఏదో దొర్లి అంచు దాటి కింద పడింది. షాపులో కొన్న ఆవిడ సొంత కమ్మ.

కమ్మలు చేసిన పిల్ల వంగి తీసుకుంది. వెనక్కి తిప్పి చూసింది. వట్టి రబ్బరు.

తెర పడ్డాక టీచరు వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. జుట్టు పక్కకి తీసి చెవి ముందుకి పెట్టింది. ఆమె తన డబ్బా తెరిచి బిళ్ల, మర, బుడిపె తీసి నింపాదిగా బిగించింది.

"వచ్చే ప్రదర్శనకి యాభై జతలు," అంది టీచరు చివరికి.

"చేస్తానండి."

"ఆ పెద్దమనిషెవరు? చెవులకి మన కమ్మలు పెట్టుకుని తిరుగుతున్నాడు."

"మా మావయ్యండి. గురువారం నుంచీ తియ్యమంటే తియ్యడు."

"రావట్లేదే," అన్నాడు మావయ్య వెనకనుంచి, చెవి కమ్మ పట్టుకుని లాక్కుంటూ.