బెజ్జం లేని మూత

బంగాళాదుంపల తవ్వకం అయిపోయి ఊరంతా చలికాలానికి కట్టెలు పేర్చుకుంటున్న రోజుల్లో ప్రోఖర్ వచ్చి కాపా గుమ్మం ముందు టోపీ తీసి నిలబడ్డాడు. ఈ మనిషి తన ముందు టోపీ తీసే రోజు కోసం కాపా ఏళ్ల తరబడి ఎదురుచూసింది. అందుకే లోపలికి రమ్మనలేదు. చేతిలో గొడ్డలి కింద పెట్టలేదు కూడా.

"కపితోలీనా యెర్మీలోవ్నా," అన్నాడు ప్రోఖర్, గొంతు సవరించుకుని.

మర్యాద ఇచ్చి పిలవాలంటే కాపా అని ముద్దుపేరుతో కాకుండా పూర్తి పేరు, దాని పక్కన తండ్రి పేరు చేర్చక తప్పదు. యెర్మీల్ అన్న ఆ పేరు ప్రోఖర్ నోటి నుంచి ఎంత కష్టంగా బయటపడిందో చూసి కాపా మనసారా సంతోషించింది.

"ఇంకోసారి అను ప్రోఖర్ సవేల్యిచ్. నీ నోట వింటుంటే చెవులకి బాగుంది."

"ఎగతాళి వద్దమ్మా. మా గ్లేబ్‌కి కొత్త ఇల్లు లేపాం. గోడలున్నాయి, కప్పుంది, పొయ్యి లేదు. కోడలికి నెలలు నిండుతున్నాయి. మంచు పడితే ఆ ఇంట్లో కుక్క కూడా ఉండలేదు."

"మేస్త్రీలే కరువయ్యారా?"

"ఉంటే నీ గుమ్మం తొక్కుతానా?"

"అలా నిజం మాట్లాడు, ముచ్చటగా ఉంటుంది," అని కాపా ఇంకో దుంగ నిలబెట్టి ఒక్క వేటుకి రెండు చేసింది.

ఆ ఊళ్ళో పొయ్యి అంటే వంటగదిలో మూలనుండే వస్తువు కాదు. ఇంటి నడుమ నేల నుంచి కప్పు దాకా లేచిన ఇటుకల కట్టడం. అది రోజుకోసారి మండితే ఇల్లంతా మర్నాటి దాకా వెచ్చగా ఉంటుంది. కాపా తండ్రి యెర్మీల్ చుట్టుపక్కల అన్ని ఊళ్ళకీ పొయ్యిలు కట్టినవాడు. కట్టెలు కాలి నిప్పులయ్యాక, వేడి గొట్టంలోంచి పైకి పోకుండా పొగగొట్టానికి అడ్డంగా ఒక ఇనప మూత జరుపుతారు. నిప్పుల మీద నీలిమంట ఆడుతుండగానే తొందరపడి మూశారో, రంగూ వాసనా లేని విషపుగాలి ఇంట్లోకి తిరుగుతుంది. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. అందుకని యెర్మీల్ తాను పెట్టే ప్రతి మూతకీ బొటనవేలు పట్టేంత బెజ్జం కొట్టేవాడు. మూసినా ఆ గాలి దాంట్లోంచి పైకి పోతుంది.

పద్నాలుగేళ్ల కిందట ప్రోఖర్ భార్య అన్ఫీసా అలాగే పడుకుని లేవలేదు. జిల్లా నుంచి అధికారి వచ్చి మూత ఊడదీసి చూస్తే దానికి బెజ్జం లేదు. "యెర్మీల్ పెట్టిందే. నేను చెయ్యి కూడా వెయ్యలేదు," అన్నాడు ప్రోఖర్. "నేను బెజ్జం కొట్టాను, ఇది నా మూత కాదు," అన్నాడు యెర్మీల్. పెళ్ళాం శవం పక్కన, ఏడుస్తున్న కొడుకుని పట్టుకుని నిలబడ్డ మనిషి మాట కాదని మేస్త్రీ మాట ఎవడు నమ్ముతాడు? ఆ తర్వాత యెర్మీల్‌ని ఏ ఇంటివాళ్ళూ పిలవలేదు. అతను ఎదురొస్తే ఆడవాళ్ళు పిల్లల్ని పక్కకి లాక్కునేవారు. అతను తన సొంత పొయ్యి పక్కన గోడకేసి తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. అలా కూర్చునే మూడో చలికాలంలో పోయాడు.

చిన్నప్పటి నుంచీ తండ్రికి మట్టి కలిపి ఇచ్చిన కాపాకి సంగతి మొదటిరోజే అర్థమైంది. బెజ్జంలోంచి వేడి పోతోందని ఏడ్చే పిసినారి ప్రోఖర్. సంతలో బెజ్జం లేని మూత కొనుక్కొచ్చి మార్చేసి ఉంటాడు. అయితే ఆమె చేతిలో ఆధారమంటూ ఏమీ లేదు. ఆ కథ తెలియని దూరపు ఊళ్ళలో పొయ్యిలు కట్టుకుంటూ, పళ్ళు బిగబట్టుకుని బతికింది.

"కడతాను," అంది ఇప్పుడు. "మొదటి నిప్పు పట్టపగలు వేస్తాను. ఊళ్ళోవాళ్ళందర్నీ పిలవాలి."

"పిలవకపోతే ఎలా? మొదటి నిప్పుకి ఎవరైనా పిలుస్తారు."

"మొదటిసారి మూత ఇంటి పెద్దే మూయాలి."

"ఆచారం నాకు నేర్పుతావా?" అన్నాడు ప్రోఖర్, పని కుదిరిందన్న సంబరంతో.

పని మొదలైన రోజు నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. ఇంటివాళ్ళ మీద కడుపుమంట ఉన్న పొయ్యి మేస్త్రీలు ఏం చేస్తారో ఆ ప్రాంతంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. గొట్టంలో ఇటుకల మధ్య సీసా మెడ ఒకటి దాచిపెడతారు. గాలి వీచినప్పుడల్లా ఇల్లంతా దయ్యం ఏడ్చినట్టు ఊళ పెడుతుంది. ప్రోఖర్ ఒక పీట వేసుకుని కూర్చుని ప్రతి ఇటుకనీ తిప్పి తిప్పి చూసి అందించేవాడు. మట్టి తొట్టిలో చేతులు పెట్టి కెలికేవాడు.

"ఏం దొరికింది?" అని అడిగేది కాపా.

"ఏం లేదు. గడ్డలున్నాయేమోనని."

"గడ్డలుంటే నీ మనసులో ఉంటాయి. తొట్టిలో చెయ్యి తియ్యి."

అన్నిటికన్నా అతన్ని ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. కాపా ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టుకోలేదు. కడుతున్న ఇంట్లో తినని మేస్త్రీ ఆ ఇంటి మేలు కోరదు. ప్రోఖర్ లోపల చేపలు పెట్టి కాల్చిన రొట్టె ఒకటి, పుట్టగొడుగుల పులుసు ఒకటి కోడలి చేత పంపేవాడు. కోడలు తాయా కడుపు మీద చెయ్యి వేసుకుని మెల్లగా వచ్చి నిలబడేది.

"కొంచెం తినొదినా. మావయ్య నిద్రపోవడం లేదు."

"అలా అయితే అసలు తిననమ్మా," అనేది కాపా. తాయా నవ్వు ఆపుకోలేకపోయేది.

గ్లేబ్ మాత్రం నవ్వలేదు. ఇటుకలు మోసేవాడు, నీళ్ళు తెచ్చేవాడు, కాపా మొహం చూసేవాడు కాదు. ఒక్కసారే మాట్లాడాడు. "మీ నాన్న కట్టిన పొయ్యే మా అమ్మని తీసుకుంది. తాయా కోసం నీచేత కట్టించుకుంటున్నాను. నువ్వంటే నాకు ఇష్టం లేదు. ముందే చెప్తున్నా."

కాపా తాపీ పెట్టి మట్టిని ఇటుక మీద మరీ గట్టిగా అదిమింది.

కోపం కోపమే, పని పనే. పొయ్యికి ఇంటి గోడతో సంబంధం లేకుండా వేరే పునాది వేసింది. గొట్టం కప్పు దాటే చోట ఇటుకని లావుగా కట్టి, దుంగలకి తగలకుండా ఎడం వదిలి ఆ ఎడంలో ఇసుక పోసింది. నిప్పు ఎగిరి పడితే నేల అంటుకోకుండా పొయ్యి నోటి ముందు ఇనప రేకు పరిచింది. పచ్చి ఇటుక పగలకుండా రోజూ కాసిని చితుకులు మాత్రమే వేసి ఓపిగ్గా ఆరబెట్టింది. తండ్రి చూస్తే వంక పెట్టలేని పొయ్యి అది. వంకంతా మూతలో పెట్టదలుచుకుంది.

రైలు స్టేషను దగ్గర సంతలో ఒక మూత కొంది. మందమైన ఇనప పలక, పట్టుకోవడానికి చివర కడియం, ఎక్కడా బెజ్జం లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చుంది. ఇది పెట్టేసి నోరు మూసుకుని వెళ్ళిపోతే? పిసినారి వెధవ ఏదో ఒక రోజు తొందరపడి మూస్తాడు. ఆ ఆలోచన ఆమెకి చాలాసేపు తియ్యగా ఉంది. తర్వాత కడుపు మీద చెయ్యి వేసుకుని నడిచే తాయా గుర్తొచ్చింది. ఆలోచన వచ్చినందుకు కాపా సిగ్గుపడలేదు, కానీ దాన్ని అక్కడితో వదిలేసింది. ఈ మూత ఆ ఇంట్లో ఒక్కపూటే ఉంటుంది. జనం ముందు ప్రోఖర్ దాన్ని చూసి ఏమంటాడన్నదే లెక్క. ఏమీ అనకుండా మూశాడంటే ఆట పోయినట్టే, తన తండ్రి ఎప్పటికీ హంతకుడిగానే మిగిలిపోతాడు. ఇంకో అవకాశం రాదు.

ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. బల్ల మీద చేపల రొట్టెలు, ఊరగాయ పుట్టగొడుగులు, వోద్కా. ముసలి ఉస్తీన్య అవ్వ అందరికన్నా ముందొచ్చి పొయ్యి పక్క మూల పట్టుకుంది. కాపా ఆ ఉదయమే ఎవరూ రాకముందు కొత్త మూత బిగించింది. అది కప్పుకి దగ్గరగా ఉంటుంది, పొయ్యి పక్కన కూర్చునే బల్ల ఎక్కితే తప్ప కనపడదు. ఎండిన బర్చ్ చెట్టు కట్టెలు పేర్చి నిప్పంటించింది. ఒక్క పీల్పులో పొగంతా పైకి పోయింది. గదిలోకి ఒక పోగు కూడా రాలేదు.

"యెర్మీల్ చెయ్యే," అంది ఉస్తీన్య అవ్వ నోరు జారి, వెంటనే ప్రోఖర్ వైపు చూసి నాలిక్కరుచుకుంది.

తిన్నారు, తాగారు, పొయ్యిని మెచ్చుకున్నారు. కట్టెలు కూలి ఎర్రని నిప్పులయ్యాయి. వాటి మీద నీలిమంట ఇంకా పాకుతూనే ఉంది. కాపా లేచి చేతులు తుడుచుకుంది.

"ఇక నీ వంతు ప్రోఖర్ సవేల్యిచ్. మూసెయ్."

ప్రోఖర్ ఉత్సాహంగా ఆ బల్ల ఎక్కాడు. చెయ్యి చాపి కడియం పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఆగిపోయాడు. రెండో చేత్తో పలకని ఒకసారి తడిమాడు, మళ్ళీ తడిమాడు.

"దీనికి బెజ్జం ఏది?"

"బెజ్జమా? దేనికి?"

"ఆటలాడకు కాపా! నీలిమంట పోలేదు. ఇది మూస్తే ఇంటిల్లిపాదీ చస్తాం."

"బెజ్జం పెడితే వేడి పోదూ? మూసెయ్, ఇల్లు వెచ్చగా ఉంటుంది."

"నీకు పిచ్చా? మీ నాన్న ప్రతి మూతకీ పెట్టేవాడు!" ప్రోఖర్ గొంతు చించుకుని అరిచాడు. "మా పాత పొయ్యికి నా కళ్ళముందే ఉలితో కొట్టాడు! బొటనవేలు దూర్చి మరీ చూసుకున్నాడు!"

ఉస్తీన్య అవ్వ చేతిలో రొట్టె ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది.

"మరి ఆ బెజ్జమున్న మూత ఏమైంది ప్రోఖరూ?" అంది.

ప్రోఖర్ బల్ల దిగి దాని మీదే కూలబడ్డాడు. ఇంత ఆనందం కాపా బతుకులో ఎప్పుడూ ఎరగదు. దాన్ని దాచుకోనూ లేదు.

"అవ్వ అడుగుతోంది. చెప్పు," అంది.

"మార్చాను."

"ఆ మూలనున్నవాళ్ళకి వినపడలేదు."

"నేనే మార్చాను! వేడంతా పైకి పోతోందని. యెర్మీల్ తప్పేం లేదు. చాలా?"

చాలదు. కాపా ఇంకా అడగబోయింది. యెర్మీల్‌ని చూసి పిల్లల్ని పక్కకి లాక్కున్నవాళ్ళందరి పేర్లూ పెట్టి అడగబోయింది. అప్పుడు గ్లేబ్ మాట వినపడింది. గోడకి చేరబడి నిలబడ్డాడు, మొహంలో నెత్తురు లేదు.

"ఆ రోజు మూసింది నేను," అన్నాడు తండ్రితో. "నువ్వు కట్టెలకి అడవికి పోతూ, 'కాసేపయ్యాక మూసెయ్యరా, అమ్మకి చలిగా ఉంది' అన్నావు. నాకు మంచు మీద జారుడుబండి ఆటకి పోవాలని తొందర. ఎక్కి మూసేసి పరిగెత్తాను."

"అప్పటికి పదేళ్ళ పిల్లాడివిరా," అన్నాడు ప్రోఖర్. "అందుకే అన్నాను మేస్త్రీ అని. మేస్త్రీ తప్పంటే నువ్వు బతుకుతావనుకున్నాను."

తాయా వెళ్ళి మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఇక చాలు కాపా," అంది ఉస్తీన్య అవ్వ. "ఆ కుర్రాడి మొహం చూడు."

కాపా చూసింది. చూసి ప్రోఖర్ వైపే తిరిగింది. "నీ కొడుకుని దాచుకోడానికి మా నాన్నని పాతిపెట్టావు. నీకు కొడుకున్నట్టే నాకు నాన్న ఉన్నాడు. నాకు జాలి లేదు, అడక్కు."

అక్కడితో ఆపి వెళ్ళిపోవచ్చు. గ్లేబ్ ఆ బరువు మోసుకుంటూ బతికితే ఆమెకి పోయేదేమీ లేదు. కాసేపటి కిందటి దాకా అతని మొహం చూడటమే ఆమెకి అసహ్యం. కానీ తండ్రి ఉలి పట్టుకుని ప్రతి మూత మీదా ఎందుకు వంగేవాడో ఆ క్షణంలో ఆమెకి మొదటిసారిగా పూర్తిగా అర్థమైంది. ఆ మాట దాచుకోవడం తండ్రికే ద్రోహం.

"గ్లేబ్," అంది. "ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు తొందరపడి మూస్తారు. పిల్లలే మూస్తారు. వాళ్ళ కోసమే మా నాన్న ఆ బెజ్జం కొట్టేది. ఆయన మూత ఉండి ఉంటే మీ అమ్మ తలనొప్పితో లేచి, కిటికీ తీసి, నీ వీపు మీద రెండు వేసేది. సాయంత్రం ఆవుని పిండేది."

గ్లేబ్ కాపా మీంచి చూపు తీసి తండ్రి మీద పెట్టాడు. పెట్టినవాడు మళ్ళీ తియ్యలేదు. ప్రోఖర్ ఆ చూపు కింద కుంచించుకుపోయి, బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆ మాట కుర్రాణ్ణి లేపడానికి అన్నదో, ముసలాణ్ణి కూల్చడానికి అన్నదో కాపాకే తెలియదు. రెండూ జరిగాయి. ఆమె మూత ఊడబెరికి, ఉలీ సుత్తీ తీసి బల్ల మీద పెట్టింది. గ్లేబ్ వచ్చి ఉలి అందుకున్నాడు.

"ఎక్కడ కొట్టాలి?"

కాపా పలక మీద బొటనవేలు ఆనించి చూపించింది. గ్లేబ్ సుత్తి ఎత్తాడు. దెబ్బ పడినప్పుడల్లా ప్రోఖర్ భుజాలు అదురుతున్నాయి. బెజ్జం తెగేదాకా ఆ ఇంట్లోంచి ఎవరూ కదల్లేదు.