అత్తగారి పేరున ఒక మొక్క

అల్లుడు ఫోన్లో అన్నది "బ్రొమీలియడ్ పూసింది" అని. కాస్త చెవి మందమున్న అత్తగారు విన్నది "బామ్మ లేదు, పోయింది" అని. ఆవిడ ముఖం వేలాడేసుకుని పరుగున వచ్చేసరికి తలుపు తీసింది సాక్షాత్తూ అల్లుడిగారి బామ్మే.

ఎవరమ్మా పోయిందని బామ్మ అడిగితే, "మీరే" అనలేక అత్తగారు నీళ్లు నమిలింది. సంగతి తెలిశాక బామ్మ నవ్వలేక చతికిలబడింది.

మొక్కల శాస్త్రవేత్త అయిన అల్లుడికి మాత్రం నవ్వు రాలేదు. బ్రొమీలియడ్ అంటే అనాసకు చుట్టం. ఆకులన్నీ గిన్నెలా చేరి నడుమ నీళ్లు పట్టుకుంటాయి, అంచుల నిండా ముళ్లు. ఆ మొక్కను అతనికి కానుకిచ్చింది అత్తగారే. ఇంతవరకూ ఎవరూ వర్ణించని జాతి అని తేలితే ఆవిడ పేరే పెడతానని మాటిచ్చాడు. ఆవిడ వీధంతా టముకు వేసేసింది. ముళ్ల మొక్కకి మా అమ్మ పేరా, పోలిక బానే పట్టారని భార్య అప్పుడే చురక వేసింది.

అయితే దీనికి కవలపిల్లలాంటి పాత జాతి ఒకటుంది. ఆకు చూసినా రంగు చూసినా తేడా తెలియదు. పాతదానికి పూరేకు అడుగున, లోపలివైపు, రెండు బుల్లి పొలుసులుంటాయి. కొత్తదానికి ఉండవని అతని వాదం. రెండూ ఇవాళే పూశాయి, సాయంత్రానికి వాడిపోతాయి.

పొద్దున్న మొగుడూ పెళ్లాలు బల్లకి చెరోవైపు కూర్చున్నారు. అతను వర్ణన రాస్తే ఆమె బొమ్మ గీస్తుంది, పెళ్లైనప్పటి నుంచీ అదే వరస. రెండు సాసర్లలో రెండు పూలు పెట్టి, "ఎడమది కొత్తది" అన్నాడు. చీటీలు అంటించేలోగా బామ్మ చావు కబురు గడప తొక్కింది.

గోల సద్దుమణిగి వచ్చి చూస్తే భార్య బొమ్మలు పూర్తి చేసింది. 'కొత్తది' అని రాసిన బొమ్మలో పొలుసులు నిక్షేపంగా ఉన్నాయి! ఆమె కుర్చీ వెనక నిలబడి, ఎడమ సాసరు మీద భూతద్దం పెట్టాడు. ఉన్నాయి. పొద్దున తనకి కనబడలేదే? తన కళ్లనైనా శంకిస్తాడు గానీ ఆమె గీతను శంకించే అలవాటు అతనికి లేదు.

"అత్తయ్యగారూ, ఇది పాత జాతేనండీ. మీ పేరు పెట్టడం కుదరదు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

వీధిలోకి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలా అని ఆవిడ అల్లుడి కుర్చీలో కూలబడింది.

"చూశావా అమ్మాయ్, పోయింది నేను కాదు, నీ పేరు," అంది బామ్మ.

"ఉండండి పెద్దమ్మగారూ. నా పేరు మింగిన పొలుసులేవో నేనూ చూస్తాను." భూతద్దం లాక్కుని తన ఎడమ పక్కనున్న సాసరు మీదికి వంగింది. తీరిగ్గా చూసింది. "ఇందులో ఏమున్నాయి బాబూ? పెద్దమ్మగారి నోరులా బోసిగా ఉంది."

అల్లుడు బల్ల చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు. ఇటు నుంచి చూస్తే లేవు, అటు నుంచి చూస్తే ఉన్నాయి. రెండో చుట్టులో సగం దారిలో ఆగి, నుదురు కొట్టుకున్నాడు. అందరినీ పిలిచి చెప్పుకొచ్చాడు: తను ఎడమది అన్నది తన ఎడమ, ఎదురుగా కూర్చున్న భార్య రాసుకున్నది ఆమె ఎడమ. పూలు మారలేదు, పొలుసులు మొలవలేదు, బొమ్మల కింద పేర్లే తారుమారయ్యాయి. మొక్క కొత్తదే, పేరు అత్తగారిదే.

"ఎడమొహం పెడమొహం అయితే కాపురం చెడుతుందని విన్నాను గానీ," అంది బామ్మ, "ఎదురెదురుగా కూర్చున్నా చెడుతుందని ఇప్పుడే చూశాను."

భార్య బొమ్మల కింద పేర్లు చెరిపి, తన కుర్చీ పక్కన అతనికి ఇంకో కుర్చీ వేసింది.