పడగొట్టడమూ పనే

నది పరిరక్షణ నిధి మంజూరైందని తెలియగానే నాకు కాలు నేల మీద నిలవలేదు. ఆ సంబరం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, డబ్బంతా ఈ నెలాఖరులోగా ఏదో ఒక 'పని'కి కేటాయించాలని నిబంధన. మా నీటిపారుదల శాఖలో పనంటే కట్టడమే. నదిని దాని మానాన వదిలేయడం ఏ లెక్కలోకీ రాదు. గడువు దాటితే నిధి, ఎగువన కొత్త ఆనకట్ట కోసం కాచుక్కూర్చున్నవాళ్ళకు పోతుంది.

ఒడ్డు పొడుగునా కాంక్రీటు మెట్లు కడదామన్నారు తోటివాళ్ళు. చేపలకు మెట్లెందుకని ఎగిరిపడ్డాను. ఆ ఊపులోనే తట్టింది, నదికి అడ్డంగా ఉన్న పాత గోడ! అది నీళ్ళు మళ్ళించే కాలువలు ఎప్పుడో పూడిపోయాయి. గుడ్లు పెట్టడానికి ఎగువకు పోయే చేపలకు అదొక్కటే అడ్డు. నిబంధనలు మళ్ళీ చదివాను. కూల్చడం పని కాదని ఎక్కడా లేదు.

చిక్కల్లా, సంతకం చేయాల్సిన చీఫ్ ఇంజినీరు మా మేనత్త. ఆ గోడ ఆవిడ మొదటి కట్టడం. దాని ఫొటో ఇప్పటికీ ఆవిడ కుర్చీ వెనకే ఉంది.

ఫైలు పట్టుకుని వెళ్ళాను. నోరు తెరిచాక ఇక ఆగలేదు. ఆ గోడ తీసేస్తే నదికి ఎక్కడా అడ్డుండదని, అడ్డులేని నది మీద కొత్త ఆనకట్టకు చట్టం ఒప్పుకోదని గడగడా చెప్పేశాను.

అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇంత నదిలో నా గోడే దొరికిందా నీకు?"

"ఇంకెవరి గోడా లేదు అత్తయ్యా," అన్నాను. ఆఫీసులో మేడమ్ అనాలన్నది మరిచేపోయాను.

ఆవిడ చాలాసేపు ఫొటో వైపు చూసింది. తర్వాత కలం ఇమ్మంది. నాకు కేక వేయాలనిపించింది.

కూల్చే రోజు అత్తయ్య పిలవకుండానే వచ్చింది. గట్టు దిగి, యంత్రం నడిపే అతని దగ్గరికి నేరుగా వెళ్ళింది.

"ఎడమ పక్క నుంచి మొదలుపెట్టు నాయనా. కుడి పక్క నేను దగ్గరుండి కట్టించాను. ఒక పట్టాన లొంగదు."

నిజంగానే లొంగలేదు. సాయంత్రానికి ఎడమ పక్క నుంచి నీళ్ళు ఉరకలేస్తుంటే నేను చిన్నపిల్లలా గంతులేశాను. అత్తయ్య మాత్రం ఇంకా నిలబడి ఉన్న కుడి ముక్కను ఒకసారి చేత్తో తడిమి, రేపు దీన్నీ తీసేయండని చెప్పింది.