పన్నెండో కుర్చీ

మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఇద్దరు తోడికోడళ్లలో ఎవరు చావాలో తేలిపోవాలి. తేల్చేది నేను కాదు, పన్నెండుమంది ప్రేక్షకులు. వాళ్ల నోటితో ఆ మాట అనిపించడం నా ఉద్యోగం.

మా సీరియల్ కంపెనీ మూడో అంతస్తులో ఆ గది ఉంది. గుండ్రటి బల్ల, పన్నెండు కుర్చీలు, రెండు పళ్లాల్లో బిస్కెట్లు, ఒక పెద్ద టీవీ, గోడ పొడవునా అద్దం. ఇటునుంచి చూస్తే అందులో మన మొహం కనిపిస్తుంది. అటునుంచి చూసేవాళ్లకి మనమంతా కనిపిస్తాం. అద్దం వెనక చీకటి గదిలో నిర్మాత కూర్చుంటాడు. నా చెవిలో శనగగింజంత యంత్రం ఉంటుంది. ఆయన మాటలు నా ఒక్కడికే వినిపిస్తాయి.

తొమ్మిదేళ్లుగా నడుస్తున్న సీరియల్. కథ మొత్తం పెద్దకోడలు, చిన్నకోడలు అనే ఇద్దరి చుట్టూ తిరుగుతుంది. ఒకర్ని చంపితే తప్ప రేటింగు లేవదని ఛానెల్‌వాళ్లు కబురు పెట్టారు.

పెద్దకోడలి వేషం వేసే ఆవిడకి నలభై ఎనిమిదేళ్లు. ఈ వేషం పోతే పిలిచి ఇంకో వేషం ఇచ్చేవాళ్లు లేరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. చిన్నకోడలి వేషం వేసే పిల్ల ఆవిడ సొంత చెల్లెలి కూతురు. కన్నతల్లి వదిలేసిపోతే ఆరో ఏటనుంచి ఆవిడే పెంచింది, కెమెరా ముందు నడక నేర్పింది, చేయి పట్టుకుని తీసుకొచ్చి ఈ సీరియల్లో పెట్టించింది. ఆ పిల్ల ఇప్పుడు అద్దం వెనక నిర్మాత పక్కన కూర్చుని ఉంది. అభిప్రాయాలు తన చెవులతో వినాలని అడిగిందట. "పెద్దమ్మకి మాత్రం తెలియనివ్వకండి సార్" అని కూడా అందట.

కానీ మేకప్ చేసేవాడి నోట్లో నువ్వుగింజ నానదు. పదింటికి నేను మెట్ల దగ్గర నిలబడి పేర్లు సరిచూసుకుంటుంటే పెద్దకోడలు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎంతమంది వచ్చారు?"

"పదకొండు, మేడమ్. ఒకాయనకి జ్వరమట."

"అయితే ఒక కుర్చీ ఖాళీ. నన్ను కూర్చోబెట్టు."

నవ్వొచ్చింది. "మిమ్మల్నా? అడుగుపెట్టగానే గుర్తుపట్టి మీద పడిపోతారు."

"పట్టనీ. మొహం మీద తిట్టే ధైర్యం ఎంతమందికి ఉందో చూస్తాను."

వద్దనడానికి నా దగ్గర వంద కారణాలున్నాయి. రానిచ్చింది ఒక్క కారణానికి: నాకు సరదా వేసింది. గుర్తుపట్టగానే పదకొండుమందీ నాలుక కరుచుకుంటారు, ఆవిడ మొహం చూడాలి, అద్దం వెనక పిల్ల మొహం ఊహించుకోవాలి. రోజూ అవే మాటలు వినేవాడికి అలాంటి వినోదం ఊరికే దొరకదు.

కుట్టుపని చేసే ఆవిడ, ఆస్పత్రి నర్సు, రిటైరైన లెక్కల మాస్టారు, మరో ఎనిమిదిమంది అప్పటికే బిస్కెట్లు నములుతున్నారు. పెద్దకోడలు వెళ్లి పన్నెండో కుర్చీలో కూర్చుంది. అందరూ తలెత్తి చూశారు.

మళ్లీ బిస్కెట్లలోకి తల దించుకున్నారు.

కారణం నాకు తెలియనిది కాదు. తెర మీద ఆవిడకి నడుము దాకా సవరం, వేలెడు మందాన మేకప్, చీపురు పుల్లల్లాంటి కనురెప్పలు. ఇక్కడ కూర్చున్న మనిషికి నెరిసిన పొట్టి జుట్టు, కళ్లజోడు, ఇస్త్రీ లేని చొక్కా. పైగా ఆవిడ అసలు గొంతు సన్నగా, కీచుగా ఉంటుంది. తెర మీద వినిపించే గంభీరమైన గొంతు మొదటి రోజునుంచీ డబ్బింగ్ చెప్పే ఇంకొకావిడది.

నా చెవిలో నిర్మాత గొంతు పేలింది. "ఆవిణ్ణి ఎవడు రానిచ్చాడు?" వెంటనే తనే అన్నాడు. "ఉండనీ. చూద్దాం."

ఎప్పటిలాగే ముందు వేరే కబుర్లతో మొదలుపెట్టాను. ఈ మధ్య చూసిన సినిమా ఏది, ఎలా ఉంది?

"జలాంతర్గామి సినిమా చూశాను" అన్నారు మాస్టారు. "రెండున్నర గంటలు నీళ్లలోనే ఉంచాడు. బయటికొచ్చాక ఒళ్లు తుడుచుకోవాలనిపించింది."

"హీరో మునిగిపోతూ మూడు పేజీల డైలాగు చెప్తాడు, అదేనా?" అంది నర్సు. "ఆక్సిజన్ లేనివాడు అంత మాట్లాడితే మా వార్డులో వాణ్ణి ఆ రోజే ఇంటికి పంపించేస్తాం."

బల్ల చుట్టూ నవ్వులు. పెద్దకోడలు కూడా నవ్వింది. నోళ్లు తెరుచుకున్నాయి. ఇక మా సీరియల్‌లోకి దించాను. టీవీ పెట్టాను. పెద్దకోడలు గుమ్మంలో నిలబడి తాళాలగుత్తిని మూడుసార్లు అరచేతిలో కొట్టుకునే దృశ్యం. ఊళ్లో చిన్నపిల్లలు కూడా అనుకరించే భంగిమ అది. తెర మీద ఆవిడ మొహం గజం వెడల్పున ఉంది. దాని కిందే ఆవిడ కూర్చుని టీ తాగుతోంది.

ఒక్కరూ ఇటు తిరగలేదు.

"ఈవిడతో పడలేకపోతున్నాం బాబూ" అంది కుట్టుపని ఆవిడ. "ఈవిడ రాగానే నేను లేచి గిన్నెలు కడుక్కుంటాను. తిరిగొచ్చేసరికి ఇంకా అదే గుమ్మంలో ఉంటుంది."

"మెడ చూశారా?" అంది నర్సు. "మొహానికి నలభై అని రాసుకుంటే మెడ అరవై అని చెప్తోంది."

"ఆ తాళాలు కొట్టుకోవడం ఒకటి" అన్నారు మాస్టారు. "తొమ్మిదేళ్లుగా కొడుతోంది. ఒక్క బీరువా కూడా తెరవలేదు."

ఇంకెవరో "పోతే పీడా పోతుంది" అన్నారు. నిర్మాత నా చెవిలో అన్నాడు: "అయిపోయింది. చేతులెత్తించు." ఆయన వెనక సన్నగా ఒక నవ్వు వినిపించింది. ఆడగొంతు.

ఆ నవ్వు ఆవిడకి వినిపించే దారి లేదు. అయినా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అద్దం వైపు చూసింది.

"నిజమే" అంది. "ముసలిదైపోయింది. నేనైతే ఎప్పుడో చంపేసేదాన్ని. కానీ ఒకటడుగుతాను, చిన్నకోడలు ఏడ్చేటప్పుడు ఎడంచేయి ఎప్పుడైనా చూశారా?"

"ఎడంచెయ్యా? ఏముంది?" అంది కుట్టుపని ఆవిడ.

"చూడండి, మీకే తెలుస్తుంది. బాబూ, ఆ పిల్ల ఏడ్చే ముక్క ఒకటి వెయ్యండి."

వేశాను. చిన్నకోడలు భర్త ఫొటో ముందు కూలబడి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఎడంచేయి తొడ మీద బొటనవేలితో పైకీ కిందకీ రాస్తోంది.

"ఫోన్!" అని అరిచింది నర్సు. "చేతిలో లేని ఫోన్ చూసుకుంటోంది!"

బల్ల గొల్లుమంది.

"ఇప్పుడు కాళ్లు చూడండి" అంది పెద్దకోడలు. "అడుగు వేసేముందు నేల చూస్తుంది. ఎక్కడ ఆగాలో నేల మీద గీత గీసి ఉంటారట. గీత కనబడకపోతే పాపం మొగుడి శవం దగ్గరికైనా వెళ్లలేదు."

మొగుడు పోయిన ముక్క వేశాను. నిజమే. ఆ పిల్ల కళ్లు ముందు నేల మీదికి, ఆ తర్వాతే శవం మీదికి. ఒకసారి చూశాక ఇంకేమీ కనపడదు. మూడో ముక్క, నాలుగో ముక్క వెయ్యమని వాళ్లే అడిగారు. మాస్టారు నవ్వి నవ్వి దగ్గుతున్నారు. పెళ్లి దృశ్యంలో, ఆస్పత్రి దృశ్యంలో, పిల్లాడు తప్పిపోయిన దృశ్యంలో, ఎక్కడ ఆ పిల్ల కనిపించినా "గీతెక్కడ? గీతెక్కడమ్మా?" అని అందరూ ఒక్క గొంతుతో అరుస్తున్నారు.

ఆ లోపాలు కనిపెట్టడం ఆవిడకి ఒక లెక్కా? ఆ పిల్లకి ఆగే చోటు చూసుకోమని నేర్పిందే ఆవిడ.

నా చెవిలో ఇప్పుడు నవ్వు లేదు. ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

అక్కడితో ఆగితే ఆవిడ ఆవిడే కాదు. గొంతు తగ్గించి ముందుకి వంగింది. పదకొండు తలలూ ముందుకి వంగాయి.

"నాకు తెలిసినవాళ్లు చెప్పారు. దాన్ని కన్నతల్లే వద్దనుకుని పోయిందట. ఎవరో పెద్దావిడ చేరదీసి పెంచిందట. ఇప్పుడు ఆ పెద్దావిడ ఉద్యోగానికే గొయ్యి తవ్వుతోందట."

"అయ్యో రాత!" అంది కుట్టుపని ఆవిడ. "నేనూ అనుకుంటూనే ఉన్నాను అక్కా, దాని కళ్లలోనే ఉంది."

"కన్నదే వదిలేసిందంటే ఏదో ఉండే ఉంటుంది" అంది నర్సు, ఇంకో బిస్కెట్టు అందుకుంటూ.

"ఆరేళ్ల పిల్లకి ఏముంటుందమ్మా" అని గొణిగారు మాస్టారు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ మాత్రం అద్దంలోకి సూటిగా చూస్తూ, "ఉంటుంది మాస్టారూ. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది" అంది.

చేతులెత్తమన్నాను. ఇంట్లో ఎవరు మిగలాలి? చిన్నకోడలికి రెండు చేతులు. పెద్దకోడలికి పది, అందులో ఒకటి ఆవిడదే.

ఎందుకని అడగాలి. అది కూడా నా ఉద్యోగమే.

"గొంతు కోసం" అంది కుట్టుపని ఆవిడ ఆలోచించకుండా. "మొహం ఎలా ఉంటే మనకేం? ఆ గొంతు వినబడకపోతే ఇల్లు బోసిపోతుంది."

"అవునవును, ఆ గొంతు" అన్నారు మిగతావాళ్లు. టీ కప్పు పెద్దకోడలి పెదవుల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

వెళ్లేవాళ్లందరికీ తలా ఒక గొడుగు ఇచ్చాను, కంపెనీ బొమ్మ ఉన్నది. కుట్టుపని ఆవిడ గుమ్మం దగ్గర ఆగి పెద్దకోడలి చేయి పట్టుకుంది.

"ఇందాకటినుంచీ చూస్తున్నాను అక్కా, మిమ్మల్ని ఎక్కడో చూశాను."

ఆవిడ వెన్ను నిటారుగా అయింది. గడ్డం కాస్త పైకి లేచింది, తెర మీద లేచినట్టే. "ఎక్కడ?"

"మా వీధి చివర బేకరీలో కదూ మీరు?"

"కాదు" అంది ఆవిడ.

చీకటి గదిలోకి ఆవిడే ముందు నడిచింది. గెలిచి వచ్చిన మనిషి నడక. నిర్మాత రెండు చేతులూ జోడించి లేచాడు. "అమ్మా, నీకు దణ్ణం. ఆ గదిలో చేసినంత నటన నా సీరియల్లో తొమ్మిదేళ్లలో చెయ్యలేదు నువ్వు."

"మరి ఎవరు చస్తున్నారు?"

"ఇంకెవరు? చిన్నకోడలు. మాట మాటే."

పిల్ల మూల కుర్చీలో కూర్చుని ఉంది. కాటుక చెంపల దాకా కారి ఎండిపోయింది. ఈసారి గ్లిజరిన్ లేదు. ఆవిడ దాని ముందుకెళ్లి నిలబడింది.

"ఏమే, ఇప్పుడొచ్చిందా నిజం ఏడుపు? నేర్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది నీకు."

పిల్ల ముక్కు తుడుచుకుంది. పెద్దమ్మ వైపు కాదు, నిర్మాత వైపు తిరిగింది.

"సార్, ఒకటి గమనించారా? పదకొండుమంది. గంటన్నరసేపు. ఎదురుగా కూర్చున్నా ఒక్కళ్లు కూడా పెద్దమ్మని గుర్తుపట్టలేదు."

నిర్మాత అద్దంలోంచి ఖాళీ కుర్చీల వైపు చూశాడు.

"వాళ్లకి కావలసింది పెద్దకోడలు. ఆ గొంతు డబ్బింగ్ గదిలో ఉంది. సవరం, కనురెప్పలు మేకప్ పెట్టెలో ఉన్నాయి." పిల్ల లేచింది. బల్ల మీది నా గది తాళాలు తీసుకుంది. గుమ్మంలో నిలబడి, గడ్డం ఎత్తి, మూడుసార్లు అరచేతిలో కొట్టుకుంది. ఈసారి నేల చూడలేదు. నేను తొమ్మిదేళ్లు చూసిన పెద్దకోడలు ఇరవై ఆరేళ్ల వయసులో నా ఎదుట నిలబడి ఉంది. ఆరో ఏటనుంచీ ఆ నడక పక్కనే పెరిగిన పిల్ల మరి.

"చిన్నకోడల్ని చంపెయ్యండి సార్" అంది. "నాకు ఈ వేషం ఇవ్వండి."

నిర్మాత ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. "ఒక్కళ్లూ గుర్తుపట్టలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. బేకరీ మాట పక్కన పెట్టి, ఒకావిడ దాదాపు పట్టేసిందని అనొచ్చు. పెద్దకోడలు నా వైపే చూస్తోంది.

"ఒక్కళ్లూ లేరు సార్" అన్నాను. నిజం చెప్పడంలోనూ సరదా ఉంది.

నెల తిరిగింది. చిన్నకోడలు లారీ కింద పడి పోయింది, పెద్దకోడలి వేషం పిల్లకి వెళ్లింది. రేటింగు లేచింది. నిర్మాత నన్ను పిలిచి, "పాతావిడ బల్ల దగ్గర బాగా మాట్లాడుతుందిరా. అందరి నోళ్లూ తెరిపిస్తుంది. పిలువు" అన్నాడు. వస్తుందనుకోలేదు. ఇంకెక్కడినుంచీ పిలుపు లేదు కాబోలు, వచ్చింది. బల్ల చుట్టూ అదే పదకొండుమంది, ఆవిడకి అదే చొక్కా, అదే పన్నెండో కుర్చీ.

కొత్త పెద్దకోడలి దృశ్యం వేశాను. గుమ్మం, తాళాలు, గంభీరమైన గొంతు.

"ఈ మధ్య ఈవిడ భలే చేస్తోంది" అంది కుట్టుపని ఆవిడ. "ఒళ్లు కూడా కాస్త తగ్గింది, చూశారా?"

"మెడకేదో వైద్యం చేయించుకున్నట్టుంది" అంది నర్సు మెచ్చుకోలుగా.

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఒకటి గమనించారా?" అంది ముందుకి వంగి. "ఆ తాళాలు ఎడంచేత్తో పట్టుకుంటోంది. ఇదివరకు..."

"మీరు కాస్త ఆగండక్కా!" కుట్టుపని ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "పోయినసారి ఆ చిన్నదాన్ని అన్నారు, ఊరుకున్నాం. మా పెద్దకోడల్ని మాత్రం ఒక్క మాటన్నా పడేది లేదు. తొమ్మిదేళ్లనుంచి చూస్తున్నాం మేము. మీకేం తెలుసు ఆవిడ గురించి?"

పదకొండు తలలూ అవునన్నట్టు ఊగాయి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని బిస్కెట్ల పళ్లెం తన వైపు జరుపుకుంది.

నా చెవిలో, అద్దం వెనకనుంచి, మూడుసార్లు తాళాల చప్పుడు వినిపించింది.

వెళ్లేటప్పుడు అందరితోపాటు ఆవిడకీ గొడుగు ఇచ్చాను. "పోయినసారిది ఒకటుంది" అంది. వచ్చిన ప్రేక్షకులంతా గొడుగు ముట్టిందని సంతకం పెట్టాలని నియమం కాబట్టి, పెట్టి తీసుకుంది.