క్రియ చివర వస్తుంది

"తబెరు, తబెససెరు, తబెససెరరెరు" అని గొణుక్కుంటూ ఆయమ్మ తడిసిన దుప్పటిని మంచం మీదనుంచి లాగింది. మొదటిది తినడం. రెండోది తినిపించడం. మూడోది, ఇష్టం లేకపోయినా ఒకరు తినిపిస్తే తినవలసి రావడం. ఒక్క తిండికి ఇన్ని వేషాలు కట్టిన జపాను వాళ్ళ మీద ఆమెకు పొద్దున్నే ఒళ్ళు మండింది. పెద్దాయనను పక్కకు దొర్లించి, రబ్బరు షీటు తుడిచి, ఉతికిన దుప్పటి మూలలు పరుపు కిందికి దోపింది. నడుము పట్టేసింది. ఈ వృద్ధాశ్రమంలో ఇరవై రెండేళ్ళుగా ఆమె మార్చిన దుప్పట్లను పరిస్తే ఊరంతా కప్పవచ్చు.

పెద్దాయన ఒకప్పుడు ఓడల ఇంజనీరు. జపానులో పుట్టి, ఏవేవో రేవుల్లో పనిచేసి, చివరికి ఈ రెండో అంతస్తు గదిలో తేలాడు. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చినప్పుడు నేర్చుకున్న భాషలన్నీ పోయాయి, పుట్టినప్పటి భాష ఒక్కటే మిగిలింది. ఆయన అడిగేది ఒకటి, ఆశ్రమంలో వాళ్ళు చేసేది ఒకటి. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపు చూడలేక ఆయమ్మ యాభయ్యో ఏట జపనీస్ తరగతిలో చేరింది. మొదటి మెట్టు ఎలాగో గట్టెక్కింది. రెండో మెట్టే పీకల మీదికొచ్చింది. ఆమెకు కావలసింది పట్టా కాదు. ఆయన అడిగినదాన్ని ఒక్కసారైనా అడిగినట్టుగా చేసిపెట్టాలి, అంతే.

"మదొ ఒ..." అన్నాడు పెద్దాయన. అంటే, కిటికీని.

"కిటికీని? ఏం చెయ్యమంటారు కిటికీని?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇది రోజూ జరిగే భాగోతమే. ఆ భాషలోనూ మన మాటలో లాగే క్రియ చివర వస్తుంది. ఆయన చివరిదాకా రాడు. ఆమె కిటికీ తెరిచింది. ఆయన ఒక కన్ను తెరిచి మొహం చిట్లించాడు. మూసింది. ఇంకా చిట్లించాడు. ఓరగా తెరిచి వదిలేసి, "ఇక నావల్ల కాదు పెద్దాయనా" అంటూ జావ గిన్నె అందుకుంది.

నాలుగు చెంచాలు లోపలికి వెళ్ళాయి. అయిదోదానికి ఆయన మూతి తిప్పుకుని, స్పష్టంగా, తోకతో సహా అన్నాడు. "తబెససెరరెత."

నా ఇష్టం లేకుండా తినిపించారు అని. నెలరోజులుగా ఆయన నోటివెంట వచ్చిన మొట్టమొదటి నిండు క్రియ, అదీ ఆమె మీద ఫిర్యాదు. ఆమెకు కోపమూ నవ్వూ కలగలిసి వచ్చాయి.

"కష్టపడి నేర్చుకున్నందుకు బాగా బుద్ధొచ్చేలా చేశారు" అని మూతి తుడిచింది.

మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. "గ్యాసు..."

"వచ్చిందా, అయిపోయిందా, వాసనొస్తోందా?"

"అదే."

"ఏదీ?"

"అయిపోయింది."

ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ మనిషి నిండు వాక్యం చెప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నీళ్ళు అంటే తేవాలి. తలుపు అంటే వేయాలి. చొక్కా అంటే ఇస్త్రీ. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడదీ అదే వరస. అందరూ వదిలేసిన సగం మాటలకు తోకలు అతికించడంలోనే ఆయమ్మ జుట్టు నెరిసింది. తప్పు తోక అతికితే చీవాట్లు కూడా ఆమెకే.

మూడు గంటలకు లైబ్రరీ పైగదిలో తరగతి. టీచరు ఆమె కూతురికన్నా చిన్నది. పరీక్ష కాగితం తిరిగిచ్చింది. వందకు ముప్పై నాలుగు.

"వాక్యం పూర్తిగా వినకుండానే జవాబు రాసేస్తున్నారు ఆంటీ. క్రియ వచ్చేదాకా ఆగాలి. ముందే ఊహించెయ్యకూడదు."

"ఊహించకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదమ్మా."

తరగతంతా నవ్వింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల అన్నది నిజమే.

సాయంత్రం డ్యూటీకి తిరిగి వచ్చేసరికి నర్సు మెట్ల దగ్గరే ఎదురైంది. "మధ్యాహ్నం నుంచి మీ పెద్దాయన ఊపిరి బాలేదు. డాక్టరుగారికి చెప్పాను, వస్తున్నారు."

పెద్దాయన మెలకువగానే ఉన్నాడు. మంచిచేత్తో బీరువా చూపించాడు. ఆమె కోటు తీసింది. కాదన్నట్టు తల ఊపాడు. మఫ్లరు తీసింది. కాదు. అట్టడుగున నల్లతోలు బూట్లు కనిపించాయి, మడమలు ఒకవైపు అరిగినవి. వాటిని చూడగానే ఆయన కళ్ళలో కదలిక వచ్చింది. దుమ్ము తుడిచి, లేసులు వదులు చేసి, మంచం పక్కన నేలమీద పెట్టింది.

"కుత్సు ఒ హక..." అన్నాడు.

కుత్సు అంటే బూట్లు. హకనాయ్ అంటే తొడుక్కోను. హకసెతె అంటే నాకు తొడుగు. "హక" దగ్గర రెండూ ఒకటే. మన మాటలోనూ అంతేగా, "తొడగ" అని ఆపేస్తే తొడగవా అంటున్నాడో తొడగకు అంటున్నాడో దేవుడికెరుక. ఆమె చేతులు అలవాటు కొద్దీ బూటు మీదికి పోయాయి. పొద్దుటి ఫిర్యాదు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. ఈసారి తోక తను అతికించదు. ఎంతసేపైనా సరే, ఆగుతుంది.

"చెప్పండి. తొందరేం లేదు" అని చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

పెదవులు కదిలాయి. చెవికి వెచ్చగా ఒక ఊపిరి తగిలింది. కాసేపటికి ఇంకొకటి. ఆమె మూడోదాని కోసం ఆగింది. పక్కగదిలో ఎవరో కుర్చీ జరిపారు. చాలాసేపు ఆగాక గాని, అది ఇక రాదని ఆమెకు తెలియలేదు.

నర్సు వచ్చి నాడి చూసింది, గడియారం చూసింది. "చివర్లో ఏమైనా అడిగారా?"

"అడిగారు. సగం." ఆయమ్మ బూట్లవైపు చెయ్యి చూపింది. "ఇంకో రెండక్షరాలు సిస్టర్. చెప్పి పోతే ఈయన సొమ్మేం పోయింది? పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి ఆగాను నేను. ఇవాళే ఆగాలా?"

నర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆయమ్మకు ఏడుపు ఆగలేదు. తప్పో ఒప్పో, తొడిగేసి ఉండాల్సింది అనిపించింది. ఆ వెంటనే, వద్దన్నాడేమో అనీ అనిపించింది. రెంటికీ సమానంగా గుండె మండింది.

డాక్టరు వచ్చి చూసి వెళ్ళాక, ఇద్దరు మనుషులు స్ట్రెచరు తెచ్చి పెద్దాయనను తీసుకుపోయారు. ఆమె దుప్పటి లాగి, మడిచి, చంకన పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. ఖాళీ మంచం పక్కన నల్లబూట్లు రెండూ, లేసులు వదులుగా, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.